కుడి అంచు

“రేసు టైర్లతో రోజూ ఆఫీసుకా? ఇవి చల్లగా ఉంటే రోడ్డును పట్టవే. పీకేస్తున్నా,” అంటూ మెకానిక్ స్పానర్ అందుకున్నాడు.

“పీకెయ్ నాన్నా. రేపు మళ్లీ వేయించుకుంటా,” అంది కూతురు, హెల్మెట్ కూడా తియ్యకుండా.

అతను కుంటుకుంటూ వచ్చి టైరు మీద చెయ్యి పెట్టాడు. చుర్రుమంది. ఆఫీసు దారిలో ఇంత వేడి పుట్టదు. ఎడమ అంచు రబ్బరు కరిగి ఉండలు కట్టింది. కుడి అంచు మాత్రం కొత్తదానిలాగే ఉంది.

“ట్రాక్ నుంచి వస్తున్నావన్నమాట.”

“అవును. ఎల్లుండి రేసు. నువ్వు ఆపలేవు.”

“మరి కుడి మలుపంటే భయమెందుకు? బండిని అటు వంచనే లేదు.”

ఆమె అతని కాలు వైపు చూసింది. “రేసులో నువ్వు పడింది కుడి మలుపులోనేగా.”

“పడింది నేను. నువ్వెందుకు తగ్గడం?” స్పానర్ పక్కన పడేశాడు. “బండి ట్రాక్ వైపు తిప్పు. టైర్లు చల్లారకముందే ఆ కుడివైపు సంగతి చూద్దాం.”