నిండని బండి

ఆ ఏడాది నుంచి పెద్ద బండ్లకి ఆయుధపూజ నాడే పరీక్ష. మునిసిపాలిటీ ఆయన వచ్చి, ఇంటికి దాని అవసరం ఉందో లేదో బండినే అడుగుతాడు. అక్కర్లేదని తేలితే అక్కడికక్కడే పట్టుకుపోతారు. బండ్లకి అబద్ధమాడడం రాదు.

వసుంధర తమ బండికి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

“మావాళ్లూ ఆవిడవాళ్లూ అందరం కలిసి తిరగడానికే కొన్నానండీ,” అన్నాడు ఆమె భర్త శేషగిరి, వచ్చినాయనతో.

వసుంధర అవునన్నట్టు తలూపింది. మొన్న అన్నవరం వ్రతానికి ఆఫీసువాళ్లతో బండి నిండిపోయిందని అతను ఫోన్ చేస్తే, మోకాళ్ల నొప్పులతో ఉన్న తండ్రిని బస్సులో నిలబెట్టి తీసుకెళ్లింది.

“ఎప్పుడైనా నిండావా?” అనడిగాడు మునిసిపాలిటీ ఆయన.

“ఒక్కసారీ లేదండి,” అంది బండి మర్యాదగా. “అన్నవరం కూడా అయ్యగారొక్కరే వచ్చారండి. సీట్లు మాసిపోతాయని ఎవర్నీ ఎక్కించుకోరండి.”

వసుంధర వంగి, చక్రాల కింది నిమ్మకాయలు ఒక్కొక్కటే తీసేసింది.

“వసూ, పట్టుకుపోతారే!” శేషగిరి గబగబా అడ్డొచ్చాడు.

“పోనివ్వండి. బస్సుంది కదా, నిలబడడానికైనా చోటిస్తారు.”