తొట్టి దగ్గరి చేతులు

రాత్రి బోనెస్ ఊరి కుండల కార్ఖానాలో యూఫీ, ఆమె కూతురు ఎల్సీ తప్ప ఎవరూ లేరు. బట్టీలో చల్లారుతున్న పాత్రలు ఉండుండి చిటుక్కుమంటున్నాయి. స్పాంజి అచ్చుతో ముళ్ళపువ్వులద్దిన గిన్నెలను సీసం కలిపిన మెరుగు తొట్టిలో ముంచేటప్పుడు, వేళ్ళు ఆనిన చోట మెరుగు అంటదు. ఆ బోడి మచ్చలను కుంచెతో కప్పడం యూఫీ పని.

ముంచే పనిలో ఎల్సీ ఆ రోజే చేరింది. అదే తొట్టి దగ్గర సీసం ఒంటికెక్కి దాని తండ్రి డూగల్ చలికాలంలో పోయాడు. వేరే దారి లేకనే యూఫీ ఒప్పుకుంది.

ఎల్సీ ముంచిన ఒక గిన్నెను దీపం దగ్గరికి తెచ్చింది. చిన్న వేళ్ళ గుర్తుల పక్కనే పెద్ద వేళ్ళ గుర్తులున్నాయి. ఆ పెద్ద గుర్తుల్లో నడిమి వేలు ఆనవలసిన చోట మాత్రం మెరుగు నిండుగా ఉంది. ఇంకో గిన్నె తీసింది. అదీ అంతే.

డూగల్‌కు నడిమి వేలు లేదు.

కుంచె కిందపడిన చప్పుడుకు, బట్టీ పక్కన పడుకున్న ఎల్సీ కదిలింది.

"పొద్దున నీకు పని నేర్పిందెవరే?"

"ఎవరో వెనకనుంచి చేతులు పట్టుకున్నారమ్మా. నువ్వేననుకున్నా. నీ చేతుల్లాగే మంచుగడ్డలు!"

యూఫీ ఆ రోజు తొట్టి గదిలో అడుగే పెట్టలేదు. బట్టీలో చిటుకులు ఆగిపోయాయి.

"రేపట్నుంచి నువ్వీ పనికి రావద్దు తల్లీ. లే, ఇంటికి పోదాం."

ఎల్సీ నిద్రమత్తులోనే నవ్వింది.

"ఎలా లేవనమ్మా? చేతులు వదిలితేగా!"