స్పర్శ తెలిసిన రంపం

“ఆ డబ్బా పీకెయ్. నలభై ఏళ్లుగా కోస్తున్నాను, పది వేళ్లూ పదిలంగానే ఉన్నాయి” అన్నాడు వడ్రంగి మేస్త్రి, కరెంటు రంపం బల్లకి అడ్డంగా నిలబడి.

“నీ వేళ్ల సంగతి సరే నాన్నా. నీ దగ్గర పనిచేసే ఆరుగురి వేళ్లో?” అంది కూతురు. ఆ పరికరం ఆమె మూడు నెలల కష్టం. అరచేతిలో ఇమిడే డబ్బా, లోపల గోరంత చిప్పు.

“రంపానికేం తెలుస్తుందే, కర్రేదో వేలేదో?”

“తెలుస్తుంది. చిప్పు రంపంలో రవ్వంత కరెంటు నింపుతుంది, ఖాళీ చేస్తుంది. సెకనుకి వేలసార్లు. నిండడానికి ఎంతసేపు పట్టిందో ప్రతిసారీ చూసుకుంటుంది. మన ఒళ్లంతా ఉప్పునీళ్లే కదా, వేలు తగిలితే ఆ కరెంటు కొంత మనలోకి వచ్చేస్తుంది. నిండడం ఆలస్యమవుతుంది. అంతే, రంపం చప్పున బల్ల కిందికి దిగి ఆగిపోతుంది. పిడి తిప్పితే మళ్లీ పైకొస్తుంది.”

“పచ్చికర్రయితే? అందులోనూ నీళ్లే.”

తండ్రి అడిగిన తీరుకి ఆమెకి ముచ్చటేసింది. “పచ్చికర్రకి తేడా మెల్లగా పెరుగుతుంది. వేలికి ఒక్కసారిగా ఎగురుతుంది. నమ్మకపోతే నా వేలే పెట్టి చూపిస్తా.”

“నోర్ముయ్! నేను బతికుండగా పెట్టనివ్వను.” మేస్త్రి ఆమెని బల్ల దగ్గర్నుంచి పక్కకి లాగాడు. “అందరూ భోజనాలకెళ్లారు. నువ్వూ ఇంటికెళ్లి రెండు ముద్దలు తిని రా, ఫో.”

ఆమె తిరిగొచ్చేసరికి పనివాళ్లందరినీ బల్ల చుట్టూ నిలబెట్టి ఉన్నాడు.

“మా అమ్మాయి పనితనం చూద్దురుగాని, దగ్గరికి రండర్రా. పెట్టమ్మా వేలు!”

ఆమె తెల్లబోయింది. అయినా గిర్రున తిరుగుతున్న పళ్ల మీదికి చూపుడువేలు జరిపింది.

టక్! రంపం మాయం. వేలి కొసన వెంట్రుకంత గీత, ఒక్క నెత్తురు చుక్క.

పనివాళ్లు చప్పట్లు కొట్టారు. “ఎన్నో ఇనుములు చూశాను గానీ, మనిషిని పోల్చుకునే ఇనుముని ఇదే చూడటం” అన్నాడు మేస్త్రి, కళ్లు తుడుచుకుంటూ. “మిగతా రెండు రంపాలకీ రేపే బిగించు తల్లీ.”

చిప్పు ఏం రాసుకుందో చూద్దామని ఆమె ఫోను తెరిచింది. ఇవాళ వేలు తగిలి రంపం ఆగింది ఒక్కసారి కాదట, రెండుసార్లట. మొదటిది పన్నెండూ నలభైకి. అప్పుడు తను ఇంట్లో అన్నం తింటోంది. చిప్పు తప్పు రాసిందా అనుకోబోయి, గభాలున నాన్న ఎడమ చేయి లాగి తిప్పి చూసింది.

చూపుడువేలి కొసన వెంట్రుకంత గీత, ఆరిపోయిన నెత్తురు.