మూడు మీటర్ల ఎత్తు

"రేపు నువ్వా ఇంటి కాగితాల మీద సంతకం పెట్టావంటే ఇక నా గుమ్మం తొక్కకు!" అంది టైలరమ్మ, కుట్టుమిషను చక్రాన్ని అరచేత్తో ఆపి.

ఆఫీసుకు వెళ్తూ దారిలో తల్లిని చూసిపోదామని ఆగిన కూతురు నిట్టూర్చింది. "ఆ ఇంటికేం వచ్చిందమ్మా?"

"కొండవాలు మీద ఉంది, అదొచ్చింది. గట్టిగా వాన పడితే గోడలతో సహా జారుకుంటూ కిందికొస్తుంది. పిల్లలున్నదానివి!"

"నువ్వు బస్సెక్కితే బ్రేకులుండవు. లిఫ్టెక్కితే తాడు తెగుతుంది. పిల్లాడు తుమ్మితే న్యుమోనియా. కొండ జారుతుందని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? రాత్రి నుంచీ మనసు కీడు శంకిస్తోంది, అది చాలదూ?"

"చాలదు. నేల సంగతి చెప్పే మ్యాపులుంటాయి ఈ రోజుల్లో. రుజువు తెచ్చి చూపించు, మానేస్తాను." కూతురు చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

టైలరమ్మ కుడుతున్న చొక్కాకు ఒక చెయ్యి మాత్రమే అతికించి వదిలేసి, తలుపుకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, పెద్ద రోడ్డు మీద ఇళ్ళ ప్లాన్లు ప్రింటు తీసే షాపుకు వెళ్ళింది.

"తమ్ముడూ, కొండ జారుతుందని కాగితం కావాలి."

షాపాయన కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "జారుతుందనా అక్కా, జారుతుందో లేదో అనా?"

"జారుతుందనే."

ఆయన నవ్వాపుకుని కంప్యూటరు తనవైపు తిప్పుకున్నాడు. "భూమి లెక్కలన్నీ ఒకచోట పెట్టిన సైటుంది. ఉపగ్రహాలు తీసినవి, సర్వేవాళ్ళు కొలిచినవి. మనకు కావలసిన చోటు చుట్టూ ఇలా గీత గీసి, ఏమేం కావాలో టిక్కు పెడితే సరి. అదే పంపిస్తుంది."

టైలరమ్మ ఆ ఇల్లెక్కడో చెప్పింది కానీ నమ్మలేదు. తెలిసినవాళ్ళిళ్ళకే దారి దొరకదు, ముక్కూ మొహం తెలియని కంప్యూటరుకు కొండ సంగతేం తెలుస్తుంది?

పావుగంటకు ఫైలొచ్చింది. ఆయన ఒక్కొక్కటే తెరిచాడు. ఇల్లు కింద పారే ఏటికి నలభై ఆరు మీటర్ల ఎత్తులో ఉంది. వాలు పెద్దగా లేదు, పదడుగులకు అడుగే. పైన మట్టి, కింద గట్టి రాయి. ముప్పై ఏళ్ళ కిందటి ఫోటో, నిన్నటి ఫోటో పక్కపక్కన పెట్టి చూపించాడు. ఇంటి వెనక బండరాయి అంగుళం కదల్లేదు.

"పోనీ పిడుగులో?" అంది టైలరమ్మ.

ఇంకో టిక్కు పెట్టాడు. "పదేళ్ళలో పడ్డవి ఇవిగో, చుక్కలు. ఆ ఇంటి దరిదాపుల్లో ఒక్కటీ లేదు."

"అమ్మో, పిడుగుల లెక్క కూడా రాసుకుంటుందా! అయితే పాములు?"

"అది పాములనే అడగాలక్కా."

టైలరమ్మ నవ్వింది. భయం ముడి కొంచెం వదులైంది. కానీ ముడి ఒక్కసారిగా విప్పేసే అలవాటు ఆమెకు లేదు. "ఏటికి నలభై ఆరు మీటర్ల ఎత్తులో ఉందన్నావు. ఆ ఎత్తు చాలుతుందా?"

"పక్కన ఇంకో ఇల్లు పెట్టి చూస్తే తెలుస్తుంది. మీదెక్కడ?"

"కిందే, ఏటి వీధిలో. కొళాయి ఎదురుగా."

ఆయన గీత గీశాడు, టిక్కులు పెట్టాడు. ఈసారి ఫైలు తెరిచి కళ్ళజోడు సర్దుకున్నాడు. వీధి వీధంతా నీలం రంగులో ఉంది.

"ఆ నీలం ఏంటి తమ్ముడూ?"

"వరద నీళ్ళు నిలిచిన చోట్లక్కా. ఇరవై ఏళ్ళలో రెండుసార్లు."

"నేనొచ్చి తొమ్మిదేళ్ళయింది. చుక్క నీరు చూడలేదే!"

"ఆఖరిసారి మీరొచ్చే ముందు ఏడాది." ఆయన గొంతు తగ్గించాడు. "ఏటికి మూడు మీటర్లే ఎత్తు."

మూడు మీటర్లంటే ఒక జత బట్టలకు సరిపడే గుడ్డ. ఏటికీ తన మంచానికీ మధ్య ఉన్నది అంతేనన్నమాట. లోకంలో ఉన్న భయాలన్నీ పడిన మనిషికి ఈ ఒక్కటీ ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

ఆయన మంచినీళ్ళ గ్లాసు అందించాడు. ఆమె తాగి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

"రెండూ ప్రింటు తియ్యి తమ్ముడూ. కానీ ఈ నీలంది మా అమ్మాయికి తెలియకూడదు. దానికి నిద్ర పట్టదు. నా పోలికే."

సాయంత్రం కూతురు వచ్చేసరికి నీలం కాగితం మిషను సొరుగులో, గుడ్డముక్కల అడుగున ఉంది. టైలరమ్మ రెండో కాగితాన్ని బల్ల మీద పరిచింది.

"ఓడిపోయాను తల్లీ. కింద అంతా రాయేనట. పిడుగులు కూడా పడవట. రేపు నిశ్చింతగా సంతకం పెట్టు."

కూతురు కాగితం చూడలేదు, తల్లి మొహం చూసింది. "మరి ఇక్కడ నువ్వు?"

"నాకేం? ఈ ఇల్లు నిక్షేపంలా ఉంది. ఈ వీధంత క్షేమమైన చోటు ఇంకోటి లేదు." టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కించబోయింది. మూడుసార్లూ తప్పింది.

కూతురు ఆమె చేతిలోంచి సూది తీసుకుని బల్ల మీద పెట్టింది. తన బ్యాగు తెరిచి, మడతల దగ్గర నలిగి చిరుగుపట్టిన కాగితమొకటి బయటికి తీసింది. వీధి వీధంతా నీలం.

"నీకు తెలిస్తే నిద్రపోవని దీన్ని నెల రోజులుగా దాస్తున్నానమ్మా. రేపు సంతకం పెట్టాల్సింది నువ్వు, ఆ ఇల్లు వెతికింది నీ కోసమే."