మెట్ల కింద నీలం డ్రమ్ము

"గీ డ్రమ్మన్న ఉండాలె, నేనన్న ఉండాలె! ఇయ్యాల తేలిపోవాలె!"

బాలవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్ల కింద నిలబడి అరిచింది. ఆ అరుపుకు లింబాయత్ పేటలోని ఆ తెలుగు నేతగాళ్ల బిల్డింగంతా కిందికి దిగింది. మగ్గాలకు సెలవు రోజు. ఇంతకన్నా మంచి తమాషా సూరత్‌లో ఎక్కడ దొరుకుతుంది?

డ్రమ్ము యజమానురాలు పద్మారాణి గరిటె పట్టుకునే దిగింది. వంటింటి తొక్కలన్నీ ఆ నీలం డ్రమ్ములో వేసి, పైన రంపపు పొట్టు చల్లి, ఎరువు చేసి, డాబా మీద వంకాయలు కాయించిన మనిషి ఆమె. తన ఇంటి చెత్త గేటు దాటి బయటికి పోదు, ప్లాస్టిక్ కవరు లోపలికి రాదు. బిల్డింగు మొత్తాన్నీ బతిమాలో, బెదిరించో తన దారిలోకి లాగింది. లొంగనిది కింది ఇంటి బాలవ్వ ఒక్కతే.

"కంపు లేదు, గింపు లేదు. పోయిన ఆదివారం డాబా మీద దావత్‌ల మటన్ ముక్క దొరకలేదని నీ కడుపుమంట, అత్తా!"

"నేనే రాలేదే! మోదుగాకుల్ల తినమంటివి. ఆకులు మేసేటందుకు నేనేమన్న మేకనా?"

జనం ఘొల్లుమన్నారు. ఆ దావత్ రాజమల్లు మనుమడి తొట్టెల పండుగది. పద్మారాణి పట్టుబట్టి ప్లాస్టిక్ ప్లేట్లు లేకుండా చేయించింది. బాలవ్వ తప్ప బిల్డింగంతా భుజాలు రాసుకుంటూ కూర్చుని తిన్నది. కరోనా రెండో ఏడులో పడింది కానీ జనం దాన్ని మరిచిపోయారు. మాస్కులు గడ్డాల కిందికి జారాయి.

బిల్డింగుకు పెద్దమనిషి రాజమల్లు చెయ్యెత్తాడు.

"లొల్లి ఆపుండ్రి. చెత్తబండి అచ్చేలోపు తీర్పు అయిపోవాలె. కంపొస్తే డ్రమ్ము బండెక్కుతది. రాకపోతే, బాలక్కా, రేపటిసంది నీ ఇంటి తొక్కలు గూడ గీ డ్రమ్ములనే పడాలె. మంజూరా?"

"మంజూర్! ముక్కున్నోడు ఎవడైనా నా దిక్కే చెప్తడు."

పద్మారాణి ధీమాగా మూత లేపింది. లేపి, రాయిలా అయిపోయింది.

పైన రంపపు పొట్టులోంచి మటన్ ఎముకలు తొంగి చూస్తున్నాయి. ఒకటా, రెండా? దావత్ బొక్కలన్నీ అక్కడే. పద్మారాణి పక్కకు తిరిగి మొగుణ్ణి చూసింది. సదానందం పైకప్పును చూశాడు.

"బొక్కలు నాలా అవతల కుక్కలకు ఏసి రమ్మన్న గదా?" పళ్ల సందునించి అడిగింది.

"గంత దూరం ఎందుకని డ్రమ్ములనే ఏసి, పొట్టు గప్పిన..."

ఏడాది కష్టం. వంకాయ మొక్కలు, తిట్లు, బతిమాలాటలు అన్నీ ఈ మొద్దు మనిషి బద్ధకానికి బలి. వారం నుంచీ మూత కింద వేడికి మగ్గిన బొక్కలు కంపు కొట్టక మల్లెపూల వాసనేస్తాయా? పైగా రెండు పిల్లులు పెళ్లి పందిట్లో చుట్టాల్లాగా డ్రమ్ము చుట్టూ తిరుగుతున్నాయి.

రాజమల్లు చెవికి వేలాడుతున్న మాస్కు తీసి జేబులో కుక్కుకున్నాడు. వంగాడు. గట్టిగా పీల్చాడు. పద్మారాణి కళ్లు మూసుకుంది.

"ఏమొస్తలేదు."

ఆమె కళ్లు తెరిచింది.

"మామా, జర మంచిగ..." అనబోయి నాలుక కరుచుకుంది.

జనంలోంచి ఐలమ్మ ముందుకొచ్చి వంగింది. "నాకు గూడ ఏమొస్తలేదు." వెంకటయ్య డ్రమ్ములో తలే పెట్టేశాడు. "ఏం లేదు!" ఇక వరస కట్టారు. పీల్చినవాడల్లా తల అడ్డంగా ఊపాడు. చివరికి పద్మారాణి తానే వంగి పీల్చింది. లేదు! ఇసుమంత లేదు! ఔరా రంపపు పొట్టు, ఇంత మహిమ ఉందా నీలో!

"దొంగల్లారా! అందరు ఒక్కటైన్రు!" బాలవ్వ నెత్తి కొట్టుకుంది.

"రంపపు పొట్టుకూ..." సదానందం ఒక బొక్క తీసి జెండాలా ఎత్తాడు.

"జై!"

పద్మారాణి పైకి పరుగెత్తి పెద్ద గిన్నెడు చాయ్ పెట్టుకొచ్చింది. అందరూ జుర్రుకున్నారు. ఫస్టు క్లాసన్నారు. బాలవ్వ ఒక్క గుక్క తాగి థూ అని ఉమ్మింది.

"పాలు మాడగొట్టినవ్ కదనే!"

"ఓడిపోయినోళ్లకు చాయ్ గూడ మాడిన వాసనొస్తది, అత్తా!"

నవ్వలేక వెంకటయ్య మెట్ల మీద కూలబడ్డాడు. ఐలమ్మ పిల్లులతో కలిసి డ్రమ్ము చుట్టూ ఒక చుట్టు ఆడింది.

గేటు కిర్రుమంది. చెత్తబండి కాదు. పక్క గల్లీ కరుణ. కార్పొరేషన్ తరఫున ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసే పిల్ల. మూతికి మాస్కు, చేతిలో జ్వరం చూసే గన్ను. రెండడుగులు లోపలికి వేసి, మాస్కు మీదే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"యాక్! ఏం సచ్చిందక్కా ఈడ?"

బాలవ్వ ముఖం వెలిగిపోయింది. పద్మారాణికి ఒళ్లు మండింది.

"నువ్వు గూడ ఆమె దిక్కేనా, కరుణా? బిల్డింగునే అడుగు!" జనం వైపు తిరిగి గరిటె ఎత్తింది. "చెప్పుండ్రి! వాసన ఉన్నదా?"

"లేదు!"

"జరంతన్న?"

"లేదు! లేదు! లేదు!" కిటికీలు అదిరాయి.

కరుణ బాలవ్వ రెక్క పట్టి గేటు బయటికి లాగింది. తానూ అవతల నిలబడి గేటు మూసింది. మాస్కు ముక్కు మీదికి నొక్కుకుని, ఫోను తీస్తూ మెల్లగా అడిగింది.

"మీకందరికి వాసన రాక ఎన్ని దినాలాయె?"