ముందు వరసలో మధ్య కుర్చీ

"తాతా, ఆ కుర్చీలో కూర్చోకండి! లేవండి, లేవండి!"

హంసిని హాలు ఆ చివరి నుంచి పరుగెత్తుకొచ్చింది.

ముందు వరసలో సరిగ్గా మధ్య కుర్చీ. పొద్దుటి నుంచి దానికి ఆమే కాపలా.

తిరుపతిలోని ఆ మందుల పరిశోధన కాలేజీలో ఇవాళ పండగే. మూర్ఛరోగం మందు మీద సంపత్కుమార్ సారు పద్దెనిమిదేళ్ల కిందట రాసిన వ్యాసాన్ని ప్రపంచంలోని పరిశోధకులు ఉదహరించడం ఐదువేలసార్లు దాటింది. అందుకే సన్మానం. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న హంసినికి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. నిన్న సారు పిలిచి ఒక మాట చెప్పారు.

"మధ్య కుర్చీ ఖాళీగా పెట్టమ్మా. పెద్దమనిషి ఒకాయన వస్తాడు. నీ థీసిస్‌లో ఆయన్ని ముప్పైసార్లు తలుచుకున్నావు."

"ఎవరు సార్?"

"పేరు చెప్పకూడదమ్మా," అని నవ్వారు సారు.

ముప్పైసార్లు!

హంసిని థీసిస్ చివరి పేజీల్లో పేర్లన్నీ తిరగేసింది. లండన్ ఆయనా? టోక్యో ఆయనా? ఎవరైతేనేం, ఒక్క సిఫారసు ఉత్తరం రాసిస్తే చాలు, తన బతుకు బంగారం. చదువు అయిపోవస్తోంది, ఉద్యోగం జాడ లేదు మరి.

అలాంటి కుర్చీలో ఈ ముసలాయన! నలిగిన పంచె, చొక్కా నిండా నూలు పోగులు.

"ముందర కూసోమని సారే చెప్పినాడు మా," అన్నాడాయన లేస్తూ.

"సారు అందరికీ అట్లే చెప్తారు తాతా. ఇది పెద్దవాళ్ల కుర్చీ. వెనక కూర్చోండి."

"అట్లనా? తెలీక కూసున్నా మా."

"ఏ ఊరు మీది?"

"నగరి. మగ్గం పని. సారుని ఒకతూరి సూసిపోదామని వచ్చినా."

"ఆయన లోపల అతిథులతో ఉన్నారు. ఇప్పుడు కుదరదు."

"పోనీలే మా. మగ్గం మింద చీర ఉండాది, నేను పోతా. ఇది మటుకు సారుకి ఇచ్చేయ్."

సంచిలోంచి కొబ్బరికాయంత నూలుండ తీశాడు. తెల్లటి దారం, పొడవునా ముడులే.

"మొక్కుదారమా? సారు ఇలాంటివి కట్టుకోరు తాతా. ఆయన సైన్సు మనిషి."

ముసలాయన పకపకా నవ్వాడు.

"కట్టుకునేదానికి కాదు మా, లెక్క సూసుకునేదానికి. ఆయనకి తెలుస్తాది."

తిరుపతిలో సన్మానమంటే ప్రసాదాలకీ దారాలకీ కొదవా? ఉండను శాలువాల బుట్టలో పడేసి హంసిని గుమ్మంలోకి ఉరికింది.

కారు ఆగింది. సూటు వేసుకున్న ఒకాయన దిగాడు. హంసిని ఎదురు పరుగెత్తింది.

తీరా చూస్తే భోజనాల కాంట్రాక్టరు!

సభ మొదలైంది. మధ్య కుర్చీ ఖాళీగానే ఉంది.

సారు మైకు ముందుకు వచ్చి ఆ కుర్చీ వైపు చూశారు. ఆయన ముఖం చిన్నబోయింది.

తెర మీద బొమ్మ పడింది. ఐదువేలసార్లు ఉదహరించిన ఆ వ్యాసంలో మొదటి బొమ్మ. హంసినికి అది కంఠతా వచ్చు. మొదటి నెలలో ఆరు ఎర్రచుక్కలు, రెండో నెలలో మూడు, మూడో నెలలో ఒకటి. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

"ఈ చుక్కలు నావి కావు," అన్నారు సారు. "ఈ మందు మింగడానికి అందరూ భయపడిన రోజుల్లో 'ముందు నాకియ్యి సామీ' అన్న మనిషివి. ఆయనకి రాయడం రాదు. ఫిట్సు వచ్చిన రోజు ఎర్రనూలు ముడి, రాని రోజు తెల్లనూలు ముడి. ఇలాంటి వ్యాసాల్లో పేరు రాయకూడదు కాబట్టే ఆయన్ని ఎవరూ ఎరగరు. ఈ రోజైనా నా పక్కన నిలబెట్టుకుందామనుకున్నాను."

హంసిని శాలువాల బుట్ట దగ్గరికి పరుగెత్తింది.

ఉండలోకి వేళ్లు దూర్చి లోపలి కొసను పట్టి లాగింది.

ఆరు ఎర్రముడులు. మూడు. ఒకటి. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లకు పైగా తెలుపే.

థీసిస్‌లో ముప్పైసార్లు తను 'ఒకటో రోగి' అని మాత్రమే రాసిన ఆ పెద్దమనిషి నగరి బస్సెక్కి అప్పటికే గంటయింది.