మెట్ల కింద అట్టపెట్టె

"అది ఉతకొద్దే! పిల్లి వాసన పోతే అదిక పెట్టెలోకి రాదు," అంటూ అమ్మ నా చేతిలోని పాత దుప్పటి లాక్కుంది.

మెట్ల కింద పెట్టిన అట్టపెట్టెకి పిల్లి దూరేంత కంత కోసి, లోపల ఆ దుప్పటి పరిచింది. పిల్లి మాత్రం నిండు చూలుతో గడప దగ్గరే కూర్చుని, మా ఇద్దరినీ అనుమానంగా చూస్తోంది.

"ఎత్తి లోపల పెట్టేద్దామా?" అన్నాను.

"అస్సలొద్దు. బలవంతంగా తోస్తే ఆ చోటంటేనే భయం పట్టుకుంటుంది. తనంతట తానే రావాలి."

"మరి కూనల్ని తినెయ్యడానికి ఆ గండుపిల్లి వస్తే?"

"రానీ! ఈ చీపురుతో వీపు విమానం మోత మోగిస్తా."

నా ఏడో నెల కడుపు పట్టుకుని నవ్వాను. పగిలిన పెదవి చురుక్కుమంది.

"అమ్మా, నేనూ ఇక్కడే..."

గేటు చప్పుడైంది. మా ఆయన.

అమ్మ చీపురు గోడకి ఆనించింది. "రా బాబూ, కూర్చో," అంది. గదిలోకెళ్ళి నా సంచీ తెచ్చింది. ఎప్పుడు సర్దిందో, నిండుగా ఉంది.

"కాన్పయ్యేదాకా ఉండనీవే," గొంతు తగ్గించి బతిమాలాను.

"కాపురమన్నాక సర్దుకుపోవాలమ్మా." నా పెదవి వైపు చూడకుండా చెప్పింది.

అప్పుడే పిల్లి లేచి, మెల్లగా అట్టపెట్టెలోకి దూరింది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ కంగారుగా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లిగా తల్లీ! పిల్లి బెదిరిపోతుంది."